35 నిమిషాల దగ్గర ఆగిపోయిన పరుగు

ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు కాబట్టి విషయాన్ని మాత్రం కుదించి ఇస్తున్నాను. ఆమె వయసు 43 ఏళ్లు, బడిలో లెక్కలు చెబుతారు. ఏడాదిన్నర కిందట రెండంతస్తుల మెట్లు ఎక్కేసరికి రొప్పు వస్తోందని గమనించి, పక్కింటి స్నేహితురాలితో కలిసి తెల్లవారుజామున నడక మొదలుపెట్టారు. ఆ నడకే మెల్లగా పరుగుగా మారింది. మొదట్లో 52 నిమిషాలు పట్టిన 5 కిలోమీటర్లు ఆరు నెలల్లో 35 నిమిషాలకు దిగాయి. ఆ తరువాత ఏడాదిగా వారానికి ఆరు రోజులూ అదే దారి, అదే వేగం, అవే 35 నిమిషాలు. చేతి గడియారం చూపే గుండె వేగం కూడా ప్రతిరోజూ నిమిషానికి 150కీ 155కీ మధ్యనే.

మూడు నెలల కిందట ఆమె తమ్ముడు "నో పెయిన్, నో గెయిన్ అక్కా, నువ్వు అసలు కష్టపడటం లేదు" అన్నాడట. అప్పటి నుంచి ఉదయం పరుగును మరింత బిగించి, సాయంత్రాలు ఫోన్‌లో వీడియో పెట్టుకుని 20 సెకన్ల గెంతులు, 10 సెకన్ల విరామం చొప్పున చెమటలు కక్కుతున్నారు. తీరా చూస్తే 35 నిమిషాలు కాస్తా 36 నిమిషాల 40 సెకన్లయింది. ఎడమ మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైంది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టడం లేదు. పిల్లల మీద ఊరికే విసుక్కుంటున్నారు. లేవగానే చూసుకుంటే 62 ఉండే నాడి ఇప్పుడు 70 ఉంటోంది. భర్త అంతా మానేయమంటున్నారు, తమ్ముడు ఇంకా గట్టిగా చేయమంటున్నాడు. స్నేహితురాలు ఏమీ అనదు కానీ, ఈమె వెనకబడిన రోజున మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూస్తుందట. ఆ చూపు తట్టుకోలేకపోతున్నానని రాశారు. ఇంకో 16 వారాల్లో జరగబోయే 10 కిలోమీటర్ల పరుగుకు ఇద్దరూ పేర్లు ఇచ్చి ఉన్నారు. "నా ఒంటికి ఇంతే రాసిపెట్టి ఉందా? మానేయాలా, పెంచాలా?" అన్నది ఆమె ప్రశ్న.

మీ ఉత్తరంలో అంకెలన్నీ పొందికగా, పట్టిక వేసి రాశారు. అయితే నన్ను ఆపింది ఆ పట్టిక కాదు, మూడో పేజీ అంచున ఇరికించి రాసిన ఒక వాక్యం: "మొదట్లో దారి పొడవునా కబుర్లు చెప్పుకునేవాళ్లం, ఇప్పుడు ఇద్దరం మాట్లాడుకోవడమే లేదు, ఊపిరి చాలదు." దాన్ని మీరు స్నేహం గురించిన బెంగగా రాశారు. వ్యాయామం నేర్పేవాడిగా నాకు మాత్రం మీ ఇబ్బందికి కారణం ఆ వాక్యంలోనే కనబడింది. మీరు ఏడాదిగా వారానికి ఆరు రోజులూ మాట్లాడలేనంత వేగంతో, అలాగని శక్తినంతా పెట్టవలసినంత వేగమూ కాకుండా, నడిమధ్యన పరుగెత్తుతున్నారు. తమ్ముడు కష్టం చాలలేదన్నాడు, మీ వారు కష్టం ఎక్కువైందంటున్నారు. నాకు తోచినంతలో ఇద్దరూ సగం సగం సరైనవారే: మీ తేలిక రోజులు చాలినంత తేలికగా లేవు, గట్టి రోజులు చాలినంత గట్టిగా లేవు, అసలు ఈ రెండు రకాల రోజులూ మీ వారంలో వేరువేరుగా లేనే లేవు.

మొదటి ఆరు నెలల్లో మీ పరుగు ఎందుకు అంత త్వరగా బాగుపడిందో చూస్తే, తరువాతి ఏడాది ఎందుకు ఆగిపోయిందో కూడా తెలుస్తుంది. ఒంటికి అలవాటు లేని పని పెట్టినప్పుడు అది ముందు తడబడుతుంది, తరువాత ఆ పనికి తగినట్టు తనను తాను సర్దుకుంటుంది. కొద్ది వారాల్లోనే రక్తంలోని ద్రవభాగం పెరిగి, గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది. నెలలు గడిచేకొద్దీ కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, కణాల్లో ఆక్సిజన్‌ను వాడి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి. ఒత్తిడికి శరీరం స్పందించే తీరును హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త 1936లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల ఆధారంగా మూడు దశలుగా వర్ణించాడు: మొదట అదురుపాటు, తరువాత తట్టుకోవడం, ఒత్తిడి తెరిపి లేకుండా కొనసాగితే చివరకు అలసిపోవడం. ఆయన చెప్పింది క్రీడల గురించి కాకపోయినా, తరువాతి కాలపు శిక్షకులు ఆ బొమ్మను తమ పనికి వాడుకున్నారు. మీ ఏడాదిన్నరలో ఆ మూడు దశలూ వరసగా కనబడుతున్నాయి. మొదటి నెలల రొప్పు అదురుపాటు, 35 నిమిషాల దగ్గర నిలకడ తట్టుకోవడం, సాయంత్రపు గెంతులు కలిపాక వచ్చిన 36 నిమిషాల 40 సెకన్లు మూడో దశకు తొలి మెట్టు. ఒకప్పుడు మిమ్మల్ని మార్చిన 35 నిమిషాల పరుగు ఇప్పుడు మీ ఒంటికి రోజూ చేసే ఇంటి పనిలాంటిదైపోయింది. చేస్తే అలసట వస్తుంది కానీ కొత్తగా సర్దుకోవలసిన అవసరమేదీ దానికి కనబడదు. కాబట్టి మీ ఒంటికి ఇంతే రాసిపెట్టి ఉందని ఈ అంకెలను బట్టి ఎవరూ తేల్చలేరు. మీరు పెట్టిన పరీక్షకు అది పూర్తి మార్కులు తెచ్చుకుని, అదే ప్రశ్నపత్రాన్ని ఏడాదిగా రాస్తోంది.

మరి రోజూ ఇంకొంచెం వేగంగా పరుగెత్తితే సరిపోదా అన్నది మీ తమ్ముడి వాదన. అందులో ఒక నిజముంది, పైకి కనబడని చిక్కు కూడా ఉంది. మీ గుండె గరిష్ఠ వేగాన్ని 208 నుంచి వయసులో ఏడు పదోవంతులు తీసివేసే లెక్కతో చూస్తే దాదాపు 178 వస్తుంది. అందరికీ తెలిసిన 220 నుంచి వయసు తీసివేసే లెక్కతో చూసినా 177 వస్తుంది. 40 ఏళ్ల దగ్గర ఈ రెండు సూత్రాలూ ఒకే అంకె ఇస్తాయి, అక్కడి నుంచి దూరం జరిగేకొద్దీ విడిపోతాయి. లెక్కల టీచరు కాబట్టి మీకు ఇది సరదాగా ఉంటుందని చెబుతున్నాను తప్ప, ఇవి సగటు లెక్కలే, మనిషి మనిషికీ పదేసి కొట్లు అటూ ఇటూ కావచ్చు. ఆ 178లో మీ రోజువారీ 150–155 అంటే 84 నుంచి 87 శాతం. అలసటను బాగా మిగిల్చేటంత ఎక్కువ అది. గుండెను దాని అంచు దాకా తీసుకెళ్లి, గట్టి బలం అవసరమైతే తప్ప కదలని వేగపు కండర పోగులను పూర్తిగా పనిలోకి దించేటంత ఎక్కువ మాత్రం కాదు. ఇలా ప్రతిరోజూ అలసట మిగులుతూ పోతే, ఏదైనా ఒక రోజు నిజంగా వేగం పెంచుదామన్నా కాళ్లలో సత్తువ ఉండదు. మీరు బిగించిన కొద్దీ సమయం పెరిగింది అందుకే. ఈ మధ్య వేగం విషమని నేను అనడం లేదు, 10 కిలోమీటర్ల పరుగుకు అది కూడా పనికొచ్చే సాధనే. ఏడాది పొడవునా అది ఒక్కటే ఉండటం దగ్గరే తేడా వచ్చింది.

సాయంత్రపు వీడియోల గురించి ఒక్క మాట. 20 సెకన్ల పని, 10 సెకన్ల విరామం అనే కొలత జపాన్‌కు చెందిన ఇజుమి టబాటా బృందం 1996లో ప్రచురించిన అధ్యయనం వల్ల ప్రసిద్ధమైంది. అందులో పాల్గొన్నది వ్యాయామ విద్య చదువుతున్న యువకులు. స్థిరమైన సైకిలు మీద, ఏడెనిమిది విడతలకే ఇక తొక్కలేని స్థితికి వచ్చేటంత బరువుతో చేశారు. మీ ఫోన్‌లోని వీడియో వారి దగ్గర నుంచి గడియారాన్ని తెచ్చుకుంది గానీ మిగతాదేదీ తెచ్చుకోలేదు. ఉదయం అలసిన మోకాళ్ల మీద సాయంత్రం గట్టి నేల మీద గెంతులు వేయడం వల్ల మీ గుండెకు దక్కిన దానికంటే ఆ చిప్పకు తగిలిన దెబ్బే ఎక్కువ. మీకు మూడు దారులు చెప్పబోతున్నాను. ఏ దారి ఎంచుకున్నా, ఈ వీడియోలను మాత్రం ఈ రోజే ఆపేయండి.

ఇంకా ముందుగా చేయవలసిన పని ఒకటుంది. లేవగానే చూసుకునే నాడి ఎనిమిది కొట్లు పెరిగి అలాగే ఉండిపోవడం, నడిరాత్రి మెలకువ, చిరాకు, పరుగు మందగించడం, ఇవన్నీ కోలుకోని శ్రమకు గుర్తులు. అయితే రక్తహీనతలోనూ, థైరాయిడ్ తేడాల్లోనూ, మీ వయసులో మొదలయ్యే హార్మోన్ల మార్పుల్లోనూ ఇలాంటివే కొన్ని కనబడతాయి. డాక్టరు దగ్గరకు వెళ్లి హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వలు, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుని, మోకాలిని కూడా చూపించండి. ఐరన్ తక్కువగా ఉన్న మనిషికి ఎంత చక్కటి సాధన ప్రణాళిక ఇచ్చినా పరుగు ముందుకు సాగదు. ఛాతీలో నొప్పి, బిగుతు, కళ్లు తిరగడం, శ్రమకు మించిన ఆయాసం ఎప్పుడైనా వచ్చి ఉంటే, తీవ్రత పెంచే మాటను డాక్టరు అనుమతి వచ్చేదాకా పక్కన పెట్టండి. రక్తపోటుకు బీటా బ్లాకర్ రకం మందులేవైనా వాడుతుంటే గుండె వేగం అంకెలు మీకు వర్తించవు, ఎందుకంటే ఆ మందులు గుండె వేగాన్ని తగ్గించి ఉంచుతాయి. ఈ పరీక్షలు జరిగే రెండు వారాలూ పరుగును సగానికి తగ్గించి, మోకాలు నొప్పి పెట్టని వేగంతోనే, అది నడకైనా సరే, సాగించండి. నాడి మళ్లీ 62 దగ్గరకు దిగిందంటే ఒళ్లు తేరుకుంటోందని అర్థం. రెండు వారాల్లో సత్తువ కరిగిపోతుందేమోనని భయపడకండి. రాబర్ట్ హిక్సన్ అనే పరిశోధకుడు 1980ల మొదటి సగంలో వరసగా చేసిన ప్రయోగాల్లో, వ్యాయామం చేసే రోజుల్ని గానీ, ఒక్కో రోజు చేసే సేపును గానీ మూడింట రెండు వంతులు తగ్గించినా, తీవ్రతను అలాగే ఉంచినవారికి ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం వారాల తరబడి నిలిచింది. నెలల తరబడి తీవ్రతను తగ్గించినవారికి మాత్రం అది జారిపోయింది; మీరు నెమ్మదించేది రెండు వారాలే. కూడబెట్టుకున్నదాన్ని కాపాడేది ప్రధానంగా తీవ్రతేనన్న ఈ సంగతి పరీక్షల కాలంలో, పేపర్లు దిద్దుతూ ఊపిరి సలపని వారాల్లో మీకు అక్కరకొస్తుంది.

ఇక దారుల సంగతి. మొదటిది, ఉన్నది ఉన్నట్టు ఉంచుకోవడం. ఇది ఓటమి అని మీరు అనుకుంటున్నట్టుంది, నేను అలా అనుకోను. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం గానీ, 75 నుంచి 150 నిమిషాల గట్టి వ్యాయామం గానీ చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. దానికి తోడు వారంలో రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం ఉండాలంటాయి. మీ ఆరు రోజుల పరుగు 210 నిమిషాలు, అదీ గట్టి వ్యాయామం కిందకే వస్తుంది. మెట్ల మీద రొప్పు పోవడమే మీ కోరికైతే అది ఎప్పుడో తీరింది. సాయంత్రపు గెంతులు మానేసి, ఒక రోజు పూర్తి విశ్రాంతి కలిపి, వేగం కొంచెం తగ్గించుకుని, ఇదే పరుగును పదేళ్లు కొనసాగించినా మీ ఆరోగ్యానికి లోటుండదు. 35 నిమిషాలు మాత్రం 35 నిమిషాలుగానే ఉంటాయి, 10 కిలోమీటర్ల పరుగును మీరు పూర్తిచేస్తారు గానీ అది కష్టంగానే సాగుతుంది. ఆ అంకె కదలకపోవడం మిమ్మల్ని ప్రతి ఉదయం గుచ్చుతుందని తెలిసి కూడా ఈ దారి పడితే, కొన్ని నెలల్లో పరుగు మీదే విరక్తి రావచ్చు. మీ ఉత్తరం తీరు చూస్తే నాకు ఆ భయం ఉంది.

రెండోది, వారాన్ని చీల్చి తేలిక రోజుల్ని నిజంగా తేలికగా, గట్టి రోజుల్ని నిజంగా గట్టిగా చేసుకోవడం. నా మొగ్గు దీనివైపే కాబట్టి దీన్ని వివరంగా చెబుతాను, అయితే ఇందులోని కష్టాన్ని కూడా దాచను. వారంలో అయిదు రోజులు పరుగు, రెండు రోజులు విశ్రాంతి. ఆ అయిదింటిలో రెండే గట్టివి, వాటి మధ్య కనీసం రెండు రాత్రుల నిద్ర ఉండాలి. మిగతా మూడు తేలికవి, వాటిలో ఒకటి కాస్త పొడవైనది. 5 కిలోమీటర్ల దగ్గర మొదలుపెట్టి వారానికి కొంచెం చొప్పున 8, 9 కిలోమీటర్ల దాకా సాగదీయవలసినది. స్టీఫెన్ సైలర్ అనే శరీరశాస్త్రవేత్త దూరపు ఆటల్లో ఆరితేరినవారి సాధనను పరిశీలించి, వారి సాధనలో దాదాపు 80 శాతం తేలికగానే సాగుతుందని చూపించాడు. మీరు ఎక్కడో ఒకచోట ఈ అంకె చదివే ఉంటారు. అయితే వారు వారానికి పదిహేను, ఇరవై గంటలు సాధన చేసేవారు, మీరు మూడున్నర గంటలు చేసేవారు. ఆ నిష్పత్తిని కొలబద్ద పెట్టి పాటించనక్కరలేదు, అయిదింట రెండు గట్టి రోజులు మీకు ఎక్కువేమీ కావు.

తేలిక రోజు అంటే ఎంత తేలిక? మీ కిలోమీటరు ఇప్పుడు ఏడు నిమిషాలు. తేలిక రోజున అది ఎనిమిదిన్నర దాకా వెళ్లవచ్చు, అంటే 5 కిలోమీటర్లకు 42 నిమిషాలు దాటవచ్చు. ఎత్తు వస్తే నడవండి. గడియారం 130 దాటితే నడవండి. ఇంతకంటే మంచి కొలత మీ నోటిలోనే ఉంది: పదిహేడో ఎక్కాన్ని మధ్యలో ఊపిరి కోసం ఆగకుండా మామూలు గొంతుతో ఒప్పచెప్పగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు, "పదిహేడు ఆరులు" దగ్గర గాలి మింగవలసి వస్తే ఎక్కువైనట్టు. గున్నార్ బోర్గ్ అనే స్వీడన్ మనస్తత్వవేత్త శ్రమ ఎంతగా అనిపిస్తోందో చెప్పడానికి 6 నుంచి 20 దాకా ఒక కొలమానం తయారుచేశాడు. ఆ అంకెను పదితో గుణిస్తే సుమారుగా గుండె వేగం వచ్చేలా దాన్ని అమర్చాడు. అది ఆరు దగ్గర మొదలుకావడం వెనక కారణం ఇదే. అందులో 11 తేలిక, 13 కొంచెం కష్టం, 15 కష్టం, 17 చాలా కష్టం. మీరు ఏడాదిగా 15 దగ్గర కాపురం పెట్టారు. ఇకపై 11 దగ్గరా, 17 దగ్గరా ఉండాలి.

ఈ 11 దగ్గర ఉండటమే అన్నిటికన్నా కష్టమని ముందే చెబుతున్నాను. నేనూ ఒకప్పుడు ఒక చలికాలమంతా ఈ పని చేయలేక పాడుచేసుకున్నాను. తేలిక పరుగు మొదలుపెట్టిన పది నిమిషాలకు వెనక నుంచి ఒక పెద్దాయన చేతులు ఊపుకుంటూ నడిచి వచ్చి నన్ను దాటేవాడు. మరుసటి నిమిషంలో నా కాళ్లు వాటంతటవే వేగం పుంజుకునేవి, ఆయన్ని దాటేదాకా ఊరుకునేవి కావు. వసంతం వచ్చేసరికి నాకు మిగిలింది పిక్కలో నొప్పి. ఆయన మాత్రం అలాగే నడుస్తున్నాడు.

గట్టి రోజుల విషయంలో తొందరపడకండి. మొదటి నాలుగు వారాలు ఆటలాగే సాగనివ్వండి. 1930ల్లో స్వీడన్ శిక్షకుడు గోస్టా హోల్మేర్ ఫార్ట్‌లెక్ అనే పద్ధతి తెచ్చాడు, ఆ మాటకు వేగపు ఆట అని అర్థం. పది నిమిషాలు తేలికగా పరుగెత్తి ఒళ్లు వేడెక్కాక, కనబడే ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా వేగం, ఆయాసం తగ్గేదాకా నెమ్మది, మళ్లీ వేగం. దూరం గానీ సమయం గానీ కొలవవద్దు. మోకాలు ఏమీ అనకపోతే అయిదో వారం నుంచి రెండు గట్టి రోజుల్లో ఒకదాన్ని నాలుగేసి నిమిషాల విడతలుగా మార్చండి. నాలుగు నిమిషాలు గరిష్ఠ వేగంలో 90 నుంచి 95 శాతం, అంటే మీ లెక్కన 160 నుంచి 169 దాకా, మధ్యలో మూడు నిమిషాలు మెల్లని పరుగు. ఇలా నాలుగు విడతలు. నార్వే పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఎనిమిది వారాల సాధన తరువాత ఈ పద్ధతి పాటించినవారి ఆక్సిజన్ వాడకం, దాదాపు అంతే మొత్తం పనిని తక్కువ తీవ్రతతో ఏకబిగిన చేసినవారి కంటే ఎక్కువ పెరిగింది. ఇక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. గుండె కాళ్లంత త్వరగా వేగం అందుకోదు. మొదటి విడతలో రెండో నిమిషం దాటేదాకా గడియారం 150 లోపలే చూపిస్తుంది. అది చూసి కంగారుపడి ఇంకా గట్టిగా దూకితే మూడో విడతకే కాళ్లు బండరాళ్లవుతాయి. నాలుగో విడతలో పరుగెత్తిన దూరం మొదటి విడతలోని దూరంతో సమానంగా ఉండాలి. తగ్గిందంటే లోపం నాలుగోదానిలో లేదు, మొదటిదానిలో ఉంది.

వారంలో రోజులకే కాకుండా నెలలో వారాలకు కూడా ఇదే తేడా ఉండాలి. మూడు వారాలు కొంచెం కొంచెం పెంచుతూ వెళ్లి, నాలుగో వారం మొత్తం పరుగును మూడో వంతు తగ్గించండి. ఆ వారంలో కూడా ఒక్క గట్టి రోజును, పొట్టిగానైనా, ఉంచుకోండి. పెంపు అక్కరకొచ్చేది ఆ తగ్గింపు వారంలోనే, ఎందుకంటే ఒళ్లు సర్దుకునే పని శ్రమ జరుగుతున్నప్పుడు కంటే తరువాతి విశ్రాంతిలోనే ఎక్కువగా సాగుతుంది. పోటీకి ముందు రెండు వారాలు కూడా ఇలాగే తగ్గించాలి. మీ తమ్ముడు ఎమిల్ జాటోపెక్ పేరు ఎత్తవచ్చు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచిన ఆ చెక్ వీరుడు 400 మీటర్ల పరుగుల్ని ఒకే రోజు పదులకొద్దీ చేసేవాడు. నిజమే. అయితే ఆయన వేగపు పరుగుల మధ్య నెమ్మది పరుగులు పెట్టుకున్నాడని కూడా తమ్ముడికి గుర్తు చేయండి.

ఈ దారిలోని నష్టం ఏమిటంటే, మొదటి ఆరు వారాలు మీ ఫోన్‌లోని పట్టిక దారుణంగా కనబడుతుంది. సగటు వేగం పడిపోతుంది. మొత్తం కష్టపడిన సేపు తగ్గుతుంది. ఏ వారమూ గెలిచినట్టు అనిపించదు. అంకెల మీద మీకున్న మక్కువకు ఇది పెద్ద పరీక్ష, అందుకని వేరే అంకె ఒకటి చూసుకోమంటాను. మూడు వారాలకొకసారి, తేలిక రోజున, అదే దారిలో గుండె వేగాన్ని 130 దగ్గర బిగపట్టి 5 కిలోమీటర్లు పరుగెత్తి సమయం రాసుకోండి. 43 నిమిషాలు 42 అయి, ఆపైన 41 అయితే ఇంజను పెరుగుతోందన్నమాట, 35 కదిలినా కదలకపోయినా సరే. ఆ 35ను ఎనిమిదో వారం దాకా పరీక్షించవద్దు.

మూడోది, మోకాలు ఒప్పుకోకపోతే పట్టవలసిన దారి. పరుగును మూడు రోజులకు కుదించి, రెండు రోజులు బలం పెంచే వ్యాయామం కలపడం. మీ దినచర్యలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినవాటిలో లోటుగా ఉన్నది ఇదొక్కటే. కుర్చీలోంచి మెల్లగా లేచి కూర్చోవడం, మెట్టు ఎక్కి దిగడం, మడమలు పైకెత్తి దించడం, తరువాత్తరువాత చేతుల్లో డంబెల్స్ పట్టుకుని ఇవే చేయడం. బరువు విషయంలోనూ నియమం ఇదే: ఒక రోజు ఎనిమిది సార్లకే కష్టమనిపించే బరువు, ఇంకో రోజు పదిహేను సార్లు సులువుగా ఎత్తగలిగే బరువు. ఈ దారిలో 10 కిలోమీటర్ల సమయం అంత గొప్పగా రాకపోవచ్చు, మోకాలు మాత్రం వచ్చే ఏడాదికి కూడా మీతో ఉంటుంది. రెండో దారికి కూడా ఇందులోంచి వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు అరువు తెచ్చుకోవచ్చు. అలా చేస్తే దాన్ని గట్టి పరుగు రోజునే, పరుగయ్యాక కొన్ని గంటలకు పెట్టుకోండి. తేలిక రోజున పెడితే అది తేలిక రోజుగా మిగలదు.

ఇక మీ స్నేహితురాలి సంగతి. మీరు రాసినదాన్ని బట్టి ఆమె మీకంటే కొంచెం వేగస్థురాలు, మీరు ఏడాదిగా ఆమె వేగానికి వేలాడుతున్నారు. ఆమెకు తేలికైనది మీకు మధ్యస్థమైంది, ఈ సంగతి ఆమెకు తెలిసి ఉండకపోవచ్చు. ఆమెతో పరుగు మానేయాలా అని మీరు నేరుగా అడగలేదు గానీ ఉత్తరమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. నా లెక్కన మానవలసిన పని లేదు. తేలిక రోజులు మూడూ ఆమెతోనే పరుగెత్తండి, దారి పొడవునా మాట్లాడండి; ఇద్దరిలో ఎవరి మాట తెగినా ఇద్దరూ నెమ్మదించాలన్నది ఒప్పందం. గడియారం కంటే ఆమె కబుర్లే మీకు మంచి కొలత. గట్టి రోజులు రెండూ విడివిడిగా, ఎవరి వేగం వారిది, కలిసి బయలుదేరి కలిసి ఇంటికి రావచ్చు. ఆమె నెమ్మదించడానికి ఒప్పుకోకపోవచ్చు, ఆమెకూ సొంత పట్టిక ఉండి ఉంటుంది. అలాంటప్పుడు వారానికి ఒక్క రోజు, ఆ పొడవైన పరుగు రోజున మాత్రం కలిసి వెళ్లమని అడగండి. ఆమె స్థాయి మనిషికి కూడా అది మేలే చేస్తుంది. పోటీ రోజున కలిసి పరుగెత్తాలా, విడిగానా అన్నది ఇప్పుడే తేల్చుకోనక్కరలేదు. వేగం గురించిన ఈ మాట మాత్రం రేపు ఉదయం ఇంటి గుమ్మం దగ్గరే, బూట్ల లేసులు కట్టుకుంటున్నప్పుడే చెప్పేయండి, ఆమె మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూసేదాకా ఉంచవద్దు.